ఒకే ఊరు.. అయిదు పేర్లు

జూన్ వచ్చిందంటే మన పాఠశాలల్లో తలల లెక్క మొదలవుతుంది. తెలుగు సెక్షన్‌లో ఈ ఏడు ఎంతమంది చేరారు, నిరుటికంటే తగ్గారా, ఈ సంఖ్య చూసి పైవాళ్లు టీచరు పోస్టు ఉంచుతారా తీసేస్తారా అని హెడ్మాస్టర్లకు దిగులు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా ఇదే మాట. తల్లిదండ్రుల దిగులు ఇంకోటి: ఊళ్లో పదిమంది మాట్లాడని భాషలో చదివిస్తే రేపు పిల్లవాడి గతేమిటి?

ఈ రెండు ప్రశ్నలతోనూ తరాల తరబడి సతమతమైన నగరం ఒకటి యూరప్‌లో ఉంది. పేరు విల్నియస్. ఇవాళ అది లిథువేనియా రాజధాని. 1897 జనాభా లెక్కల్లో ఆ నగరంలో లిథువేనియన్ మాతృభాషగా చెప్పినవారు నూటికి ఇద్దరు. 2021 లెక్కల్లో తాము లిథువేనియన్లమని చెప్పినవారు నూటికి అరవై ఏడుగురు. అదే 1897లో నూటికి నలభై మందితో అందరికంటే పెద్ద సమూహంగా ఉన్న యిడ్డిష్ భాషవారు ఇప్పుడు ఒక శాతం కూడా లేరు.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టి, ఒక భాష గెలిచింది, ఇంకొకటి ఓడింది అనుకోవడం సులువు. జరిగింది అది కాదు. ఆ ఊరి జనాభా చరిత్రను మన పాఠకుల ముందు పెట్టాలని మేం అనుకున్నది అందుకే.

రాజుగారి పిలుపు

లిథువేనియా మహారాజు గెడిమినాస్ 1323లో జర్మన్ నగరాలకు లాటిన్‌లో లేఖలు రాయించాడు. వర్తకులు, చేతిపనుల వాళ్లు తన రాజ్యానికి రావచ్చని, వాళ్లకు పన్నుల్లో, సుంకాల్లో మినహాయింపులు ఉంటాయని వాటి సారాంశం. చరిత్రలో విల్నియస్ పేరు కనిపించడం ఆ లేఖలతోనే మొదలు. 2023లో నగరం 700 ఏళ్ల పండగ చేసుకున్నది ఆ లెక్క ప్రకారమే. అంటే ఆ ఊరి పుట్టుకే ‘బయటివాళ్లు రండి’ అన్న మాటతో. జర్మన్లు వచ్చారు, తూర్పు నుంచి ఆర్థడాక్స్ క్రైస్తవులు వచ్చారు, తాతార్లు వచ్చారు, తర్వాత యూదులు వచ్చారు. జర్మన్ల వీధి, యూదుల వీధి, తాతార్ల వీధి, రష్యన్ల వీధి అనే పేర్లు పాత నగరంలో ఇప్పటికీ ఉన్నాయి.

రాజులు లిథువేనియన్లే అయినా రాజ్యంలో రాతకోతలు ఆ భాషలో సాగలేదు. 1697 దాకా దస్తావేజులు రుథేనియన్‌లో నడిచాయి. నేటి బెలారుసియన్ భాషకు అది పాత రూపం. ఆ తర్వాత ఆ చోటు పోలిష్‌ది. ఫ్రాన్సిస్క్ స్కరీనా 1522లో విల్నియస్‌లో అచ్చు వేసిన పుస్తకం కూడా లిథువేనియన్ కాదు, సిరిలిక్ లిపిలోది. లిథువేనియన్‌లో తొలి అచ్చు పుస్తకం 1547లో వచ్చింది, అదీ పక్క రాజ్యంలోని కేనిగ్స్‌బర్గ్‌లో. సొంత రాజధానిలోనే ఆ భాషకు పీట దొరకలేదన్న మాట.

ఊరు మధ్యలో చాలాసార్లు దెబ్బతింది. 1655లో రష్యన్ సైన్యం తగలబెట్టింది. 1709, 1711 మధ్య ప్లేగు వేలమందిని తీసుకుపోయింది. ప్రతిసారీ చుట్టుపక్కల పల్లెల నుంచి, దూర దేశాల నుంచి మనుషులు వచ్చి చేరారు. 1795లో అది రష్యా సామ్రాజ్యంలో కలిసింది.

ఇంతమంది కలిసి ఉన్నారు గనుక ఊరికి పేర్లూ అన్నే. లిథువేనియన్‌లో విల్నియస్, పోలిష్‌లో విల్నో, రష్యన్‌లో విల్నా, యిడ్డిష్‌లో విల్నే, బెలారుసియన్‌లో విల్న్యా.

నూటికి ఇద్దరు

1897లో నగర జనాభా 1,54,532. అందులో యిడ్డిష్ మాతృభాషగా ఉన్న యూదులు దాదాపు 40 శాతం, పోలిష్ 31 శాతం, రష్యన్ 20 శాతం, బెలారుసియన్ 4 శాతం పైచిలుకు. లిథువేనియన్ 3,131 మందే.

అంత తక్కువ ఎందుకంటే ఆ భాష పల్లెల్లో ఉంది. పల్లె నుంచి పట్నం వచ్చిన లిథువేనియన్ కుటుంబం రెండో తరానికి పోలిష్‌లోకి మారిపోయేది. చర్చిలో పోలిష్, పెద్దమనుషుల ఇళ్లలో పోలిష్, అంగట్లో మర్యాదగా మాట్లాడాలన్నా పోలిష్. పిల్లలు పైకి రావాలని కోరుకున్న తల్లిదండ్రులు ఇంటిభాషను ఇంట్లోనే, తర్వాత అక్కడా లేకుండా వదిలేశారు. ఎవరూ వాళ్లను బలవంతపెట్టలేదు. ఈ సంగతి మన పాఠకులకు మేం విడమరచి చెప్పనక్కర్లేదు.

ఒక చిన్న ముచ్చట. భాషాశాస్త్రజ్ఞులకు లిథువేనియన్ అంటే అమిత ఆసక్తి. ఇవాళ మాట్లాడుతున్న యూరప్ భాషల్లో పాత ఇండో-యూరోపియన్ పోలికలు బాగా నిలుపుకొన్నది అదే. అగ్నిని వాళ్లు ‘ఉగ్నిస్’ అంటారు, పొగను ‘దూమాయ్’ అంటారు, కొడుకును ‘సూనుస్’ అంటారు. సంస్కృతం నుంచి మన తెలుగులోకి వచ్చిన ధూమం, సూనుడు వాటికి దూరపు చుట్టాలు. ఇంత పాత భాష పట్నంలో మాట్లాడటానికి వాళ్ల పిల్లలకే నామోషీగా ఉండేది.

బలవంతం వేరే వైపు నుంచి వచ్చింది. 1863 తిరుగుబాటు తర్వాత రష్యా ప్రభుత్వం బడుల్లో పోలిష్‌ను, లిథువేనియన్‌ను అణిచివేసింది. లిథువేనియన్‌కు ఇంకో శిక్ష కూడా పడింది. లాటిన్ అక్షరాల్లో ఆ భాషలో పుస్తకం అచ్చు వేయకూడదు, సిరిలిక్‌లో వేస్తే సరే. 1864లో మొదలైన ఈ నిషేధం 1904 దాకా, 40 ఏళ్లు సాగింది.

ఆ 40 ఏళ్లలో జరిగినది ఉపాధ్యాయులు తెలుసుకోదగ్గది. సరిహద్దు అవతల, ప్రష్యాలో పుస్తకాలు అచ్చు అయ్యేవి. ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, అక్షరాల పుస్తకాలు. వాటిని మూటలు కట్టి రాత్రిపూట సరిహద్దు దాటించి ఊరూరా చేర్చే మనుషులు తయారయ్యారు. దొరికినవాళ్లను సైబీరియాకు పంపారు, కొందరు తుపాకీ గుళ్లకు పోయారు. పుస్తకాలు మోసిన వాళ్లలో అందరికంటే పేరున్న యుర్గిస్ బియెలినిస్ పుట్టిన మార్చి 16ను లిథువేనియాలో ఇప్పటికీ పుస్తకాలు మోసినవారి దినంగా జరుపుకుంటారు.

పుస్తకం వచ్చింది సరే, చదువు చెప్పేదెవరు? తల్లులు చెప్పారు. సర్కారు బడిలో రష్యన్, ఇంట్లో అమ్మ దగ్గర లిథువేనియన్ అక్షరాలు. శిల్పి పేత్రాస్ రిమ్షా 1906లో దీన్నే ఒక శిల్పంగా చెక్కాడు: రాట్నం ముందు కూర్చుని నూలు వడుకుతున్న తల్లి, పక్కన పుస్తకం పట్టుకుని చదువుతున్న పిల్ల. దానికి ఆయన పెట్టిన పేరుకు ‘కష్టాల బడి’ అని అర్థం చెప్పుకోవచ్చు. లిథువేనియన్లు ఎక్కువగా ఉన్న కౌనస్ ప్రాంతంలో 1897 నాటికి చదవడం వచ్చినవారి శాతం రష్యా సామ్రాజ్యపు సగటును బాగా మించింది.

నిషేధం తొలగిన మరుసటి ఏడాది, 1905 డిసెంబరులో దాదాపు 2,000 మంది లిథువేనియన్ ప్రతినిధులు సమావేశమై స్వపరిపాలన అడిగారు, బడుల్లో తమ భాష అడిగారు. ఎక్కడ? తాము నూటికి ఇద్దరున్న ఆ విల్నియస్‌లోనే.

ఒకే తల్లి బిడ్డలు

అసలు ఆ ఊళ్లో ఎవరు ఎవరన్నది చెప్పడం అంత తేలిక కాదు. ఇవానోవ్‌స్కీ అన్నదమ్ముల సంగతి చూడండి. ఒకరు యెజీ, పోలండ్‌లో మంత్రి అయ్యారు. ఒకరు వాత్స్లావ్, బెలారుసియన్ ఉద్యమ నాయకుడయ్యారు. ఇంకొకరు తాదాస్, లిథువేనియన్‌గా నిలిచి ఆ దేశపు పేరున్న జంతుశాస్త్రజ్ఞుడయ్యారు. ఒకే ఇంట్లో పుట్టి ముగ్గురూ మూడు జాతులకు పెద్దలయ్యారు. ఇంటిపేరు కూడా మూడు చోట్ల మూడు రకాలుగా రాశారు.

పోలిష్ జాతీయ కావ్యంగా పేరుపొందిన ‘పాన్ తదేయుష్’ లిథువేనియాను తన మాతృదేశంగా పిలుస్తూ మొదలవుతుంది. రాసిన ఆదామ్ మిత్స్కియేవిచ్ విల్నియస్ విశ్వవిద్యాలయంలో చదివాడు. ఆయన మావాడంటే మావాడని ఇప్పటికీ పోటీ ఉంది. నగరం చుట్టుపక్కల పల్లెవాళ్లను మీ భాష ఏమిటని అడిగితే ‘మామూలు మాట’ అనేవారట. అది బెలారుసియన్‌కు దగ్గరి మాండలికం. జనాభా లెక్కల ఫారంలో ఆ జవాబుకు గడి ఎక్కడుంటుంది?

కాబట్టి ఏ ప్రభుత్వం లెక్క తీస్తే అంకెలు ఆ వైపు కొంత ఒరిగేవి. 1897లో రష్యన్లు 20 శాతం ఉన్నారంటే అందులో సైనికులు, ఉద్యోగులు ఉన్నారు. 1916లో నగరం జర్మన్ సైన్యం చేతిలో ఉన్నప్పుడు తీసిన లెక్కలో పోలిష్ వారు 50 శాతం, యూదులు 43 శాతం, లిథువేనియన్లు రెండున్నర శాతం. 1931లో నగరం పోలండ్ కింద ఉంది. అప్పటి లెక్కలో పోలిష్ 66 శాతం, యూదులు 28 శాతం, లిథువేనియన్లు ఒక శాతానికీ తక్కువ.

పోలండ్ కిందికి ఎలా వచ్చిందంటే, 1918 ఫిబ్రవరి 16న లిథువేనియా స్వాతంత్ర్య ప్రకటన విల్నియస్‌లోనే జరిగినా, 1920లో పోలిష్ సైన్యం నగరాన్ని పట్టుకుంది. లిథువేనియా కౌనస్‌ను తాత్కాలిక రాజధానిగా పెట్టుకుని దాదాపు 20 ఏళ్లు పోలండ్‌తో మాటలు మానేసింది. రెండు ప్రభుత్వాల పంతం చివరకు పిల్లల మీద పడింది. 1927లో విల్నియస్ ప్రాంతంలోని లిథువేనియన్ బడులను పోలండ్ పెద్ద సంఖ్యలో మూయించింది. కౌనస్ ప్రభుత్వం తన దగ్గరున్న పోలిష్ బడుల మీద అలాంటి ఒత్తిడే పెట్టింది. అక్కడ మా పిల్లల్ని ఏడిపిస్తే ఇక్కడ మీ పిల్లల్ని ఏడిపిస్తాం అన్నట్టు సాగింది ఆ కాలం.

ఆ నలభై మంది

యిడ్డిష్ సంగతి వేరు. 1920లు, 1930ల నాటి విల్నియస్‌లో ఆ భాష దేనికీ లోటు లేనట్టు ఉండేది. యిడ్డిష్‌లో పిల్లల బడి నుంచి హైస్కూలు దాకా చదువుకోవచ్చు. ఒకటికి మించి దినపత్రికలు, నాటకశాలలు, పెద్ద గ్రంథాలయం. భాషా పరిశోధనకు 1925లో ‘యివో’ అనే సంస్థ అక్కడే పెట్టారు. యిడ్డిష్ వర్ణక్రమాన్ని స్థిరపరచినది ఆ సంస్థే. యూదుల్లో కొందరు పిల్లల్ని హీబ్రూ బడికి పంపారు, చాలామంది పోలిష్ సర్కారు బడికి పంపారు. ఏ బడి మేలన్న వాదన ఇళ్లలో రోజూ నడిచేది. ఆ వాదన నడవడమే ఆ సమాజం ఎంత సజీవంగా ఉందో చెబుతుంది.

1941 జూన్‌లో నాజీ సైన్యం వచ్చింది. నగర శివారులోని పనేర్యై అడవిలో వేలకు వేల మందిని గుంతల పక్కన నిలబెట్టి కాల్చారు. అక్కడ చంపిన యూదుల సంఖ్యను దాదాపు 70,000గా చెబుతారు. కాల్చినవారిలో జర్మన్లతో పాటు స్థానిక లిథువేనియన్లూ ఉన్నారు. ఇది ఆ దేశం ఇప్పటికీ ఇబ్బందిగా మాట్లాడుకునే విషయం. మిగిలినవాళ్లను 1941 సెప్టెంబరులో ఘెట్టోలోకి తోశారు. అక్కడా బడులు నడిపారు. గ్రంథాలయం తెరిచారు. 1942 డిసెంబరులో ఆ గ్రంథాలయం లక్షో పుస్తకాన్ని పాఠకుడి చేతికిచ్చిన సందర్భంగా సభ జరుపుకుంది. 1943 సెప్టెంబరులో ఘెట్టోను ఖాళీ చేయించారు.

చదివేవాళ్లు లేక, పిల్లలకు నేర్పేవాళ్లు లేక యిడ్డిష్ ఆ ఊరి నుంచి పోలేదు. నేర్పేవాళ్లనూ నేర్చుకునేవాళ్లనూ కలిపి చంపారు. ‘భాష అంతరించింది’ అనే మాటను మనం తరచూ వాడతాం. విల్నియస్ విషయంలో ఆ మాట వాడటం మాకు తప్పుగా తోచింది.

ఖాళీ అయి, మళ్లీ నిండి

యుద్ధం ముగిసేసరికి నగరం సోవియట్ లిథువేనియాలో ఉంది. 1944లో సోవియట్ పక్షం పోలండ్‌తో జనమార్పిడి ఒప్పందం చేసుకుంది. ఆ ప్రకారం తర్వాతి రెండు మూడేళ్లలో విల్నియస్ పోలిష్ జనాభాలో ఎక్కువ భాగం రైళ్లెక్కి పోలండ్‌కు వెళ్లిపోయింది. విశ్వవిద్యాలయపు ఆచార్యులు చాలామంది తోరున్ నగరంలో కొత్త విశ్వవిద్యాలయం మొదలుపెట్టారు. ఊరికి ఊరు మారిపోయింది. చదువుకున్న పోలిష్ వారు వెళ్లారు, చుట్టుపక్కల పల్లెల్లోని పోలిష్ రైతుల్లో చాలామందికి వెళ్లే వీలు దొరకలేదు. పొలాల్లో పనిచేసేవాళ్లు కావాలి గదా. షల్చినింకై జిల్లాలో నేటికీ నాలుగింట మూడొంతుల మంది పోలిష్ వారే ఉండటానికి ఇదొక కారణం.

ఖాళీ ఇళ్లలోకి లిథువేనియన్ పల్లెల వాళ్లు, రష్యా నుంచి వచ్చిన కార్మికులు, ఉద్యోగులు చేరారు. 1959 నాటికి నగరంలో 2.36 లక్షల మంది. లిథువేనియన్లు 34 శాతం, రష్యన్లు 29 శాతం, పోలిష్ వారు 20 శాతం. 1989 నాటికి జనాభా 5.76 లక్షలు దాటింది, లిథువేనియన్లు సగానికి కాస్త ఎక్కువయ్యారు. ఎన్నో తరాల తర్వాత ఆ భాషకు సొంత రాజధానిలో ఆధిక్యం వచ్చింది. ఆ ఆధిక్యంలో తల్లులు రహస్యంగా నేర్పిన అక్షరాల పాలు ఉంది. అవి లేకపోతే పల్లెల నుంచి వచ్చినవాళ్లు వెంటబెట్టుకు రావడానికి భాషే ఉండేది కాదు. అయితే చంపబడిన యూదుల ఇళ్లు, వెళ్లిపోయిన పోలిష్ వారి ఇళ్లు ఖాళీగా ఉండటం కూడా అందులో భాగమే.

మిగిలిన పోలిష్ బడులు

విల్నియస్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ పోలిష్ మాధ్యమ పాఠశాలలు సోవియట్ కాలమంతా నడిచాయి. పక్కనున్న బెలారుస్‌లో ఆ అవకాశం లేకపోయింది. కానీ 1970లు, 1980ల నాటికి పోలిష్ తల్లిదండ్రులు చాలామంది పిల్లల్ని రష్యన్ మాధ్యమంలో వేశారు. రష్యన్ వస్తే మాస్కో దాకా ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుందని లెక్క. పోలిష్ బడుల్లో పిల్లలు తగ్గిపోతూ వచ్చారు.

1990లో లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. రాత్రికి రాత్రి కాకపోయినా, పదేళ్లలో ఆ లెక్క తారుమారైంది. ఆఫీసు భాష లిథువేనియన్ అయింది. రష్యన్ బడుల్లో చదివిన పోలిష్ పిల్లలకు ఇంటి భాషలో రాయడం రాదు, దేశ భాషలో మాట్లాడటం రాదు. అవకాశాల భాష అనుకున్నదే వాళ్లకు అడ్డం తిరిగింది. పోలిష్ బడుల్లో మళ్లీ పిల్లలు పెరిగారు.

2011లో వచ్చిన విద్యా చట్టంతో కొత్త గొడవ మొదలైంది. మైనారిటీ పాఠశాలల్లో లిథువేనియా చరిత్ర, భూగోళం, పౌరనీతి పాఠాలు లిథువేనియన్‌లోనే చెప్పాలన్నారు. పాఠశాల చివరి పరీక్షలో లిథువేనియన్ పేపరు 2013 నుంచి అందరికీ ఒకటే అన్నారు. అప్పటిదాకా మైనారిటీ బడుల పిల్లలకు విడిగా, రెండో భాష స్థాయిలో పరీక్ష ఉండేది. తల్లిదండ్రులు సంతకాలు సేకరించారు, పిల్లల్ని బడి మాన్పించి సమ్మె చేశారు. తొలి విడతకు ఇచ్చిన సడలింపులు కూడా కోర్టుకెక్కాయి.

ఇది చదువుతుంటే తమిళనాడులోని మన పాఠకులకు 2006 నాటి తమిళ అభ్యసన చట్టం, ఆ చట్టం కింద 2016లో పదో తరగతి పరీక్షకు చేరిన తొలి బ్యాచ్, మినహాయింపు కోసం ఎక్కిన కోర్టు మెట్లు గుర్తుకు రాకుండా ఉండవు.

విల్నియస్‌లో ప్రభుత్వం చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. దేశ భాష బాగా రాకపోతే విశ్వవిద్యాలయంలో, ఉద్యోగంలో నష్టపోయేది ఆ పిల్లలే. తల్లిదండ్రుల మాటలోనూ నిజం ఉంది. పదేళ్లు ఒక పాఠ్యక్రమంలో, తక్కువ పీరియడ్లతో ఆ భాష నేర్చుకున్న పిల్లలను రెండేళ్ల గడువులో, పుట్టినప్పటి నుంచి ఆ భాషలోనే పెరిగినవాళ్లతో సమానంగా రాయమనడం ఏం న్యాయం? మా మట్టుకు, ముందు పీరియడ్లు పెంచి, ఉపాధ్యాయులను ఇచ్చి, ఒకటో తరగతి నుంచి కొత్త పుస్తకాలతో నడిపించి, ఆ పిల్లలు పైతరగతికి చేరాక పరీక్ష మార్చాల్సింది. పరీక్ష మార్చడానికి ఖర్చు లేదు, తరగతి మార్చడానికి ఖర్చు ఉంది. అందుకే ప్రభుత్వాలు పరీక్షతో మొదలుపెడతాయి.

ఇంకో తగాదా ఒక్క అక్షరం మీద. లిథువేనియన్ అక్షరమాలలో లాటిన్ ‘డబ్ల్యూ’ లేదు. దాంతో పోలిష్ వారి పేర్లు పాస్‌పోర్టులో ఇంకో అక్షరంతో పడేవి. తమ పేరు తాము రాసుకునేట్టు రాయనివ్వమని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2022లో చట్టం మారి ఆ అక్షరానికి చోటు దొరికింది. పోలిష్‌లో అక్షరాల మీద, కింద పెట్టే గుర్తులకు మాత్రం అప్పుడు కూడా దొరకలేదు.

2021 లెక్కల్లో నగరంలో పోలిష్ వారు 15 శాతం, రష్యన్లు 10 శాతానికి కాస్త తక్కువ. 2020 తర్వాత బెలారుస్ నుంచి, 2022 తర్వాత ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబాలతో బడుల్లో మళ్లీ కొత్త భాషలు వినిపిస్తున్నాయి. స్కరీనా పేరుతో బెలారుసియన్ మాధ్యమ పాఠశాల ఒకటి అక్కడ ఉంది. యూదు రచయిత షోలెం అలెయ్‌కెం పేరుతో ఒక పాఠశాల ఉంది, కానీ అందులో పాఠాలు చెప్పే భాష యిడ్డిష్ కాదు.

యుద్ధం తర్వాత అంతానస్ ఉల్పిస్ అనే లిథువేనియన్ గ్రంథాలయాధికారి, సోవియట్ అధికారులు ధ్వంసం చేయమన్న యిడ్డిష్, హీబ్రూ పుస్తకాలను, కాగితాలను ఒక పాత చర్చిలో దాచి ఉంచాడు. ఆ భాషలు ఆయనకు రావు. ఆయన పోయాక, 1980ల చివర్లో ఆ నిల్వల సంగతి బయటికి వచ్చింది. మరికొన్ని కట్టలు బయటపడ్డాయని 2017లో ప్రకటించారు. వాటిలో 1933-34లో అయిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి యిడ్డిష్‌లో రాసుకున్న స్వీయకథ ఉంది. ఇంటి గురించి, బడి గురించి, తన అల్లరి గురించి బడి పిల్ల రాతలో. ఆ అమ్మాయి ఘెట్టోనూ శిబిరాలనూ దాటి బతికి, తర్వాత అమెరికా చేరింది.